ఒక పేరు – మూడు వాకిళ్లు

ధవళేశ్వరము వద్ద గోదావరి గౌతమి యనియు వసిష్ఠ యనియు రెండు పాయలుగా చీలుట, వసిష్ఠనుండి మరల వైనతేయ వేఱుపడుట మన కోనసీమలో పలక పట్టిన ప్రతి బిడ్డకును తెలిసిన సంగతియే. పాయలకు వేర్వేఱు పేర్లు కలవు; వేర్వేఱు రేవులు కలవు; సముద్రమున గలియు తావులును వేఱు. అయినను ఏ రేవున మునిగి లేచినను గోదావరి స్నానము చేసి వచ్చితిమనియే చెప్పుకొందుము. ఈ నెల సోదరీమణులకు విన్నవింపదలచిన విషయమునకు ఇంతకంటె దగ్గరి పోలిక మాకు దొరకలేదు. అంతర్జాలమున ఒక పేరు సంపాదించుకొన్నవారు ఆ పేరునుండి పాయలు తీసి, ఒక్కొక్క పాయకు ఒక్కొక్క పని యొప్పగింపవచ్చును. ఆ పాయను సబ్‌డొమైను అందురు. దానిని "ఉపనామము" అందుమన్న వేఱర్థము స్ఫురించును గనుక, రైలు, పోస్టు అను మాటలవలె దీనినిగూడ ఉన్నది యున్నట్లే వాడుదుము.

ఇది కంప్యూటరు చదువులు చదివిన కుఱ్ఱవాండ్ర పని, మనకేల యని పుట త్రిప్పివేయవలదని మనవి. మేమును నాలుగైదేండ్లు అట్లే తలచితిమి. అట్లు తలచినందుకు చెల్లించిన వెల యెంతయో ముందు చెప్పి, తరువాత విద్య చెప్పెదము.

మావారు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పుదురు. 2020లో బడులు మూతపడినపుడు పిల్లలకొఱకు పాఠములు వ్రాసి యుంచుటకై వారొక వెబ్‌సైటు పెట్టిరి. దానికి మా నాన్నగారి పేరు పెట్టిరి. మా నాన్నగారు మమ్ము బడికి పంపక, అమరము మొదలు పోతనగారి భాగవతము వఱకు ఇంటనే చెప్పినవారు. మావారును బాల్యమున సాయంకాలములందు ఆయన యరుగు మీదనే పద్యములు నేర్చిరి. గురువుగారు గతించిన పిమ్మట వారి పేరు నిలుపుట కిది యొక మార్గమని మావారి తలంపు. వారి పూర్వ విద్యార్థి యొకడు, కాసైనను పుచ్చుకొనక, పని యంతయు చేసిపెట్టెను.

ఆ పేరునుండి మొదట "పాఠాలు" అను పాయ తీసిరి. పిమ్మట, సాయంకాలము మా యింటికి పద్యములు చదువుకొన వచ్చు బాలికలకొఱకు అర్థతాత్పర్యములు వ్రాసి యుంచుటకు "పద్యాలు" అను పాయ తీసిరి. మూడవది మా వదినగారిది. మా పుట్టినిల్లు ఆత్రేయపురము. అచట వదినగారును ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురును కలసి పూతరేకులు చేయుదురు. కాగిన కుండ వీపున పిండినీట తడిపిన గుడ్డను ఒక్కమారు పఱచి తీసినంతనే రేకు తేలివచ్చును. ఆ నేర్పు చేతులలోనిదే గాని పుస్తకములలోనిది కాదు. 2023లో ఆత్రేయపురపు పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చిన పిమ్మట దూరపు ఊళ్లనుండి కోరువారు హెచ్చిరి. అందుచే "రేకులు" అను మూడవ పాయ తీసి, దానిని మా స్వంత చోటికి గాక, సరుకుల బొమ్మలు చూపి ఆర్డర్లు తీసికొను ఒక పరాయి సేవ వైపు త్రిప్పిరి.

ఆ సేవ మొదట కొన్ని నెలలు ఉచితము. తరువాత నెలకింత యని రుసుము. ఫోనులో వచ్చు ఆర్డర్లే చేతినిండ నున్నవి గనుక వదినగారు రుసుము కట్టక మానివేసిరి. అచట దుకాణము మూతపడినది. కాని మా పేరునుండి ఆ వైపు త్రిప్పిన వాకిలి మాత్రము తెఱచియే యున్నది. దానిని మూయవలెనని మాకు తెలియదు. తెలిసిన కుఱ్ఱవాడు ఉద్యోగమునకై దూరపు పట్టణమునకు పోయెను.

సంక్రాంతికి ముందు వదినగారు ఫోను చేసిరి. "వదినా, హైదరాబాదులో ఎవరో రేకుల కోసం మన సైటు తెరిస్తే డబ్బు పెట్టి ఆడే పేకాట కనపడుతోందిట. పైన మామగారి పేరు, కింద పేకముక్కలూను. ఆయనే ఉంటే ఏమనుకునేవారు?" అనుచు ఆమె గొంతు పూడుకొన్నది.

మేము తెఱచి చూచితిమి. నిజమే. సభాపర్వమున ధర్మజుని జూదపు ఘట్టము చెప్పునపుడెల్ల కంట తడిపెట్టుకొను మనుష్యుని పేరు క్రింద జూదము. దానిని తీసివేయవలెనన్న సైటు తాళపుచెవి కావలెను. ఆ తాళపుచెవి కుఱ్ఱవాని యొద్ద నున్నది. అతడు రాత్రి పని, పగటి నిద్ర గలవాడు. మధ్యలో అతనికి జ్వరము. అతడు దొరకుటకు తొమ్మిది దినములు పట్టెను. ఆ తొమ్మిది దినములలో ఎందఱు ఆ పుట చూచిరో, వారిలో ఎందఱు మన యింటి వారిని గూర్చి యేమనుకొనిరో చెప్పజాలము. తుదకతడు ఫోనులో చెప్పుచుండ, మా చేతులతోనే ఒక్క వరుస తుడిచివేసితిమి. అందుకు అరనిమిషము పట్టినది. ఆ యరనిమిషపు పనికై తొమ్మిది దినములు వేచితిమి.

అతనియందు మాకు కోపము లేదు. ఉచితముగ నుపకరించినవానిని నిందించుట న్యాయము కాదు. ఇంటి తాళపుచెవి పరుల చేత నుంచి నిశ్చింతగా నుండుట మా దోషము. నాటినుండి ఆ విద్య మేమే నేర్చుకొంటిమి. నేర్చినది చెప్పుచున్నాము.

చిరునామా చదువు విధము

ఉత్తరముపై మనము ముందు మనుష్యుని పేరు, తరువాత వీథి, ఊరు, తాలూకా, జిల్లా వ్రాయుదుము. టపా వారు మాత్రము దానిని క్రిందినుండి పైకి చదువుదురు. ముందు జిల్లా, తుదకు మనిషి. అంతర్జాలపు పేరును అట్లే కుడినుండి ఎడమకు చదువవలెను. నడుమ నుండు చుక్కలు వరుసలను వేఱుచేయును.

మన జిల్లా పేరే చూతము. 2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి జిల్లానుండి వేఱుపడి, అమలాపురము కేంద్రముగా మన జిల్లా యేర్పడెను. నేడది డాక్టరు బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. దాని ప్రభుత్వ సైటు పేరు "కోనసీమ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్". కుడినుండి చదువుడు: "ఇన్" అనగా భారతదేశము, "గవ్" అనగా ప్రభుత్వము, "ఏపీ" అనగా ఆంధ్రప్రదేశ్, తుదకు కోనసీమ. క్రొత్త జిల్లాకు క్రొత్త పేరు కొనవలసిన పని లేకపోయినది. ఉన్న కాలువనుండి మఱియొక తూము తెఱచినట్లు, రాష్ట్రపు పేరునుండి ఒక పాయ తీసిరి. తెలుగు వికీపీడియాయు అంతే. 2003లో మొదలైన ఆ విజ్ఞానసర్వస్వము వికీపీడియా యను పెద్ద పేరు ముందు తెలుగునకు గుర్తుగ "టీఈ" యను రెండక్షరములు చేర్చుకొన్న పాయయే. ఇన్నేండ్లుగా సైటు పేర్ల ముందు చూచుచున్న మూడు డబ్ల్యూలును ఒక సబ్‌డొమైనే యని తెలిసినపుడు మాకు నవ్వు వచ్చినది.

ఈ యేర్పాటునకు పూర్వము లోకములోని యంత్రముల పేర్లన్నియు ఒక్క పట్టికలో వ్రాసి యుంచెడివారు. అమెరికాలో స్టాన్‌ఫర్డు పరిశోధన సంస్థయందలి సమాచార కేంద్రము ఆ పట్టికను కాపాడెడిది. 1989 వఱకు ఆ కేంద్రమును నడపినది ఎలిజబెత్ ఫైన్లర్ అను స్త్రీ. క్రొత్త యంత్రమునకు పేరు కావలసినవారు ఆమె కార్యాలయమునకే విన్నవించుకొనవలెను. యంత్రములు పెరిగిన కొలది ఒక్క పట్టిక చాలదయ్యె. 1983లో పాల్ మొకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు పేర్లను కొమ్మలు, రెమ్మలుగ పంచి, ఏ కొమ్మ పట్టికను ఆ కొమ్మవారే వ్రాసికొను పద్ధతి కల్పించెను. దానినే డీ.ఎన్.ఎస్. అందురు. కొనలనుండు కామ్, గవ్ మొదలగు పేర్ల నిర్ణయమున ఫైన్లర్ బృందమువారు పాలుపంచుకొనిరి. ఒక పేరు మనది యైనచో దాని ముందు ఎన్ని పాయలైనను ఎవరి యనుమతియు లేక తీయగలుగుట ఈ పద్ధతి ఫలమే.

ఈ చదువు మఱియొక విధముగ గూడ మనల కాపాడును. పేరు ముందు భాగమున ఎవరు ఏ మాటయైనను చేర్చుకొనవచ్చును గదా! మోసగాడు తన పేరు ముందు మన బ్యాంకు పేరును పాయగా పెట్టి సందేశము పంపును. ఎడమనుండి చదివినవారికి అది బ్యాంకుగనే కనబడును. కుడినుండి చదివినవారికి దొంగ యెవడో తెలియును. ఈ కారణముననే రిజర్వు బ్యాంకు వారు 2025 అక్టోబరు 31 లోగా బ్యాంకులన్నియు "బ్యాంక్ డాట్ ఇన్" అని ముగియు పేర్లకు మాఱవలెనని ఆజ్ఞాపించిరి. ఆ పేర్లను నమోదు చేయు అధికారము మన హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి. సంస్థకు ఇయ్యబడినది. కావున సందేశము వచ్చినపుడు ముందు కొనవైపు చూచుట యలవాటు చేసికొనుడు.

వాకిలి పెట్టు విధము

సైటు పుటలు నిలువయుండు యంత్రమును అద్దెకిచ్చువారిని హోస్టింగువారందురు. వారు అద్దెదారున కొక కంట్రోల్ ప్యానెలు నిత్తురు. వంటింటిలో ఉప్పు, పప్పు, చింతపండు డబ్బాలు వరుసగా నున్నట్లు, అందులో ఒక్కొక్క పనికి ఒక్కొక్క బొమ్మ యుండును. 1996లో పుట్టిన సీ-ప్యానెలు అనునది వానిలో పెక్కుచోట్ల కనబడునది. మాకున్నదియు అదే, ఇతర ప్యానెళ్లలో మాటలు కొంచెము మాఱినను పని యొక్కటే.

మొదట పేరు నిర్ణయించుకొనవలెను. ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, నడుమ చిన్న అడ్డుగీత మాత్రమే చెల్లును. అడ్డుగీతతో మొదలు పెట్టరాదు, ముగింపరాదు. చుక్కకు చుక్కకు నడుమ 63 అక్షరములకు మించరాదు. కాని యెనిమిది పది యక్షరములలో ముగించుటయే మంచిది. ఫోనులో చెప్పిన వినువారు తప్పు లేక వ్రాసికొనగలుగుట మంచి పేరునకు పరీక్ష. తెలుగు లిపిలోనే పేరు కావలెనన్న అదియు సాధ్యమే. 2011లో తెలుగు లిపిలోని "భారత్" అను కొన పేరు మన దేశమునకు ఇయ్యబడినది. తెలుగు పేరును యంత్రము లోలోపల ఇంగ్లీషు అక్షరముల గుర్తుగా మార్చుకొనును. మనకు తెలుగుగనే చూపును.

ప్యానెలులో "డొమైన్స్" అను బొమ్మను తాకి, "క్రియేట్ ఎ న్యూ డొమైన్" అను మీటను నొక్కవలెను. వచ్చిన గడిలో పాయ పేరు, చుక్క, మన పేరు, ఈ మొత్తమును వ్రాయవలెను. క్రింద "షేర్ డాక్యుమెంట్ రూట్" అని యొక చిన్న పెట్టె యుండును. ఇచటనే మేము మొదటిసారి పొరబడితిమి. ఆ పెట్టెలో గుర్తుంచినచో క్రొత్త వాకిలి పాత గదిలోనికే తెఱచుకొనును. రెండు పేర్లకును ఒకే పుట కనబడును. వేఱు పుటలు కావలసినవారు ఆ గుర్తు తీసివేయవలెను. అపుడు క్రొత్త పాయకు ప్రత్యేకమైన సంచి పేరు ప్యానెలే సూచించును. దానిని పలుమారు చూచుకొని "సబ్మిట్" అను మీట నొక్కిన పని యైనది. పాలు పొంగునంత సేపైనను పట్టదు. తరువాత ఆ పాయకు చెందిన పుటలను ఆ సంచిలోనే యుంచవలెను.

పేరు కొన్నది ఒకచోట, హోస్టింగు వేఱొకచోట అయినవారికి ఇంకొక మెట్టు కలదు. పేర్ల పట్టిక హోస్టింగువారి యొద్ద గాక పేరమ్మినవారి యొద్దనే యున్నచో, ప్యానెలులో వాకిలి పెట్టినను లోకమునకు తెలియదు. అట్టివారు పట్టిక యున్న చోటికి పోయి "ఏ రికార్డు" అను వరుస నొకటి చేర్చి, అందు క్రొత్త పాయ పేరును, హోస్టింగు యంత్రపు అంకెల చిరునామాను వ్రాయవలెను. ఆ చిరునామా నాలుగు సంఖ్యలు. ఒక్కొక్కటి 0 నుండి 255 వఱకు. పరాయి సేవ వైపు త్రిప్పుటకు "సీనేమ్" అను వేఱు వరుస వ్రాయుదురు. మా రాజోలు వైపు కాలువ నీరు పి.గన్నవరము అక్విడెక్టు మీదుగా వైనతేయను దాటి వచ్చును. సీనేమ్ అట్టిది, మన నీటిని మఱియొకరి గట్టునకు దాటించు వంతెన. దీనిని గూర్చి ముందు మరల చెప్పవలసియున్నది.

నీరు పారుటకు పట్టు కాలము

వాకిలి పెట్టిన వెంటనే కొందఱికి కనబడి కొందఱికి కనబడకుండుట కలదు. ప్రతిమారు మూలమునకు పోయి యడుగుట శ్రమ యని, నడిమి యంత్రములు తాము విన్న జవాబును కొంత కాలము గుర్తుంచుకొనును. ఆ కాలమును పట్టికలోనే సెకండ్లలో వ్రాయుదురు. సీ-ప్యానెలులో సాధారణముగ 14400 అని యుండును; అనగా నాలుగు గంటలు. "అట్టి పేరు లేదు" అను జవాబునుగూడ యంత్రములు కొంతసేపు గుర్తుంచుకొనును. కావున వాకిలి పెట్టక ముందే ఉబలాటముతో తెఱచి చూచినవారికే అది ఆలస్యముగా కనబడును. మాకట్లే యైనది. కాలువ వదలిన నాడే శివారు పొలమునకు నీరందదు గదా, ఓపిక పట్టవలెను.

తరువాత తాళపు గుర్తు. సైటు పేరు ప్రక్కన భద్రతా గుర్తు కనబడుటకు పాయకు గూడ యోగ్యతాపత్రము కావలెను. పెక్కు ప్యానెళ్లు దీనిని తామే తెచ్చి, గడువు తీరక ముందే మార్చుకొనును. 2015 నుండి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ ఇట్టి పత్రములను ఉచితముగ నిచ్చుచున్నది. ఇచట సోదరీమణులు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఈ పత్రములన్నియు లోకమంతయు చూడగల చిట్టాలలో నమోదగును. కావున ఎవరికిని చెప్పని పాయ యెవరికిని తెలియదనుకొనరాదు. బిడ్డల ఛాయాచిత్రములు, ఇంటి లెక్కలు మొదలగునవి పాయ పేరు చాటున దాగవు. వానికి పాస్‌వర్డు పెట్టవలెను. లేదా అచట ఉంచకయే యుండవలెను.

గది, వాకిలి, ఇల్లు

ప్రతి పనికి పాయ యక్కఱలేదు. పద్యములు ఒక పుట, సామెతలు ఒక పుట యనుకొన్నచో, ఉన్న సైటులోనే రెండు గదులు చాలును. చూచువారును ఒకరే, నడపువారును ఒకరే. చూచువారు వేఱు, నడపువారు వేఱు అయినపుడు పాయ మేలు. మా పాఠముల పుటను మావారు సరిదిద్దుచుండ వదినగారి రేకుల పుట కదలదు. ఇక పూతరేకుల వ్యాపారము పెరిగి, పది మంది స్త్రీలు భాగస్థులై, లెక్కలు వేఱైననాడు వేఱు పేరు కొనుటయే న్యాయము. వేఱు కాపురమునకు వేఱిల్లు. క్రొత్త పేరునకు ఏటేట రుసుము కట్టవలెను. పాయకు సాధారణముగ ప్రత్యేకపు ఖర్చు లేదు. అద్దెదారునకు ఎన్ని పాయలు చెల్లునో మాత్రము హోస్టింగువారు ముందే చెప్పుదురు, అడిగి తెలిసికొనవలెను.

కాపలా

పెట్టుట యరనిమిషము; కాచుట యేడాది పొడవునను. కాలువలకు లస్కరులున్నట్లు పాయలకును కాపలా కావలెను. వాడుక తప్పిన పంట బోదెలో గుఱ్ఱపుడెక్క యెట్లు నిండునో మనము చూచుచునే యున్నాము. వాడని పాయలో అంతకంటె హేయమైనది నిండును.

మాకు జరిగినది యిదియే. పరాయి సేవలో దుకాణము మూసితిమి. వంతెన మాత్రము నిలిచియున్నది. ఆవలి గట్టున ఖాళీయైన చోటును జూదరి యొకడు పట్టెను. ఆ సేవలో మా పాయ పేరును తనదిగా చెప్పుకొనెను. మా వంతెన మా జనమును వాని యొద్దకే చేర్చినది. మా యింటి తాళము పగులలేదు. మా పాస్‌వర్డు పోలేదు. మేము మఱచిన ఒక్క వరుసయే చాలినది. కావున పరాయి సేవను మానునపుడు ముందు మన పట్టికలోని వరుసను తుడిచి, తరువాతనే అచటి దుకాణము మూయవలెను. ఈ క్రమము తప్పరాదు.

రెండవది, మూలపు పేరు గడువు. వేసవిలో కాలువలు కట్టివేసిన నాడు ఏ బోదెలోను నీరుండదు. అట్లే మూలపు పేరునకు రుసుము తప్పిననాడు పాయలన్నియు ఒక్కసారిగ ఎండును. గడువు హెచ్చరిక లేఖలు ఎవరి ఈమెయిలునకు వచ్చుచున్నవో చూచుకొనుడు. మాకు వచ్చుటలేదు, కుఱ్ఱవానికి వచ్చుచుండెను. ఇంకొక సంవత్సరము ఇట్లే గడచినచో పేరే చేజాఱి, కొన్నవానిదై యుండెడిది. జూదపు పుట తొమ్మిది దినములలో పోయినది. పేరు పోయినచో తిరిగి వచ్చుననుటకు నమ్మకము లేదు.

మూడవది, తాళపుచెవి. పేరు నమోదు మన పేరనే యుండవలెను. ప్యానెలు పాస్‌వర్డు మన చేత నుండవలెను. పని చేసిపెట్టువారికి అక్కఱ కలిగినపుడిచ్చి, తీరిన వెంటనే మార్చవలెను. ఫోనునకు వచ్చు సంఖ్యను గూడ అడుగు రెండవ తాళమును పెట్టుకొనుట మేలు. ఇది యెవరినో శంకించుట కాదు. నగల పెట్టె తాళము బీరువాలో నుంచినంత మాత్రమున ఇంటివారిని దొంగలన్నట్లా?

మేమిపుడు ఒక కాగితముమీద అయిదు గడులు గీచి యుంచుకొంటిమి. పాయ పేరు, అది యే వైపు తిరిగియున్నది, ఎవరికొఱకు, ఎవరు నడపుదురు, తుదిసారి యెపుడు చూచితిమి. ప్రతి నెల తొలి యాదివారమున కుంకుమభరిణె తుడుచుకొను వేళ ఒక్కొక్క పాయను తెఱచి చూచి తేదీ వేయుదుము. పావుగంట పట్టును.

ఉగాది నాటికి "రేకులు" పాయను మరల పెట్టితిమి. ఈసారి పరాయి గట్టున గాక మా స్వంత సంచిలోనే పెట్టితిమి. ఆర్డర్ల యంత్రమేదియు లేదు. కుండ ప్రక్కన కూర్చున్న అయిదుగురు స్త్రీల ఛాయాచిత్రము, ధరల పట్టిక, వదినగారి ఫోను అంకె, అంతే. మొదటి యార్డరు హైదరాబాదునుండియే, పేకముక్కలు చూచిన ఆ యింటివారినుండియే వచ్చినది.

దసరాకు పుట్టింటికి పోయినపుడు వదినగారు మమ్ము ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "ఆ తాళం ఎలా తియ్యాలో నాకూ చెప్పు వదినా. నీకు జ్వరం వస్తే మళ్లీ తొమ్మిది రోజులు ఆగాలా?" అని యడిగిరి. మాకా మాట తోచనేలేదు. ఒకరి చేత నున్న తాళపుచెవి యింకొకరి చేతికి మాఱిన మాత్రమున భయము తీరలేదు. ఇంట మఱియొకరికి తెలిసిననాడే తీరును. ఆ సాయంకాలమే ఆమె చేత ఒక పాయ పెట్టించి, తీయించితిమి. ప్రయోగమునకు పెట్టిన ఆ పాయకు ఆమె పెట్టిన పేరు "అరుగు". తుడిచివేయుటకు మా ఇరువురకును మనసొప్పలేదు గాని తుడిచివేసితిమి. కాగితమున లేని వాకిలి యింట ఉండరాదు.

సోదరీమణులలో ఎవరి యింటనైనను ఇట్టి పేరొకటి యున్నచో, ఈ పత్రిక ముడిచిన వెంటనే ఒక్క ప్రశ్న వేసికొనుడు. దాని తాళపుచెవి యెవరి యొద్ద నున్నది? జవాబు వెంటనే తోచనిచో, పండుగ రాకమునుపే తెలిసికొనుడు.